కొండపల్లి కొండ మీద అన్నయ్య దాచిన పెట్టె

అన్నయ్య దాచిన పెట్టె ఈ వారంలో ఎవరికీ దొరక్కపోతే మ్యాప్‌లోంచి తీసేస్తామని యాప్‌లో హెచ్చరిక వచ్చింది. అన్నయ్య పోయి ఏడాది దాటింది. ఆయన ఫోను వదిన దగ్గరే ఉంది. అది చదివి నాకు ఫోన్ చేసి, "నాకీ ఆట తెలీదు, నువ్వొస్తే వెళ్దాం" అంది. నాకు మాత్రం ఏం తెలుసు!

దీన్ని జియోకాషింగ్ అంటారు. ఎవరో ఒక పెట్టెను ఆరుబయట దాచి, ఆ చోటు యాప్‌లో పెడతారు. ఫోను చూపిన దారిన వెళ్ళి మనం వెతకాలి. దొరికితే లోపలి కాగితం మీద పేరు రాసి, పెట్టెను మళ్ళీ అక్కడే దాచాలి. ఇష్టమైతే మన గుర్తుగా చిన్న వస్తువేదైనా అందులో పెట్టొచ్చు. చిన్నప్పుడు దసరా బొమ్మల కొలువులోంచి నా చిలకను మాయం చేసి, "వెతుక్కో" అంటూ నన్ను ఇల్లంతా తిప్పిన మనిషికి రిటైరయ్యాక ఈ పిచ్చి పట్టడంలో వింతేముంది?

ఆదివారం పొద్దున్నే మంగళగిరిలో బస్సెక్కాను. భవానీపురంలో వదిన ఇడ్లీ పెట్టింది, సీసాల్లో నీళ్ళు నింపింది. ఎనిమిదిన్నరకు కొండపల్లి బస్సు దొరికింది. పక్క సీటు పెద్దావిడ, "ఎవరింటికమ్మా?" అని అడిగింది. "ఒక పెట్టె కోసమండీ" అన్నాను. "అయ్యో, లగేజీ పోయిందా?" అని ఇబ్రహీంపట్నం దాకా మమ్మల్ని ఓదారుస్తూనే ఉంది.

కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళ వీధిలోంచి నడిచాం. అరుగుల మీద ఆరబెట్టిన రంగు బొమ్మలు చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. మా కొలువు బొమ్మలన్నీ నాన్న ఇక్కడే కొన్నారు. పెట్టెలో పెట్టడానికి నేనూ ఒక చిలకను కొన్నాను.

కొండ ఎక్కే కాలిబాటలో ఒక బండ దగ్గర ఫోను ఆగమంది. అక్కడ పెట్టె లేదు. పేర్చిన మూడు రాళ్ళు, వాటికి పసుపు, కుంకుమ బొట్లు, ముందు గాజులు, ఎండిన బంతిపూలు ఉన్నాయి. చుట్టూ పొదలన్నీ గాలించాం. నా చీర చిరిగింది, వదిన చేయి గీసుకుపోయింది. చివరికి వదిన కూలబడి, "ఆయన గుర్తు ఇదొక్కటీ కూడా పోతుందన్నమాట" అంది. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది.

ఇంతలో మేకలు తోలుకుంటూ ఒకామె వచ్చి, "అమ్మవారి దగ్గర చెప్పులేంటమ్మా?" అని కసిరింది. గబగబా విప్పాం. ఏ అమ్మవారని అడిగాను.

"పేరు తెలీదండీ. ఎవరో కళ్ళజోడు పెద్దాయన ఈ రాళ్ళు పేర్చి, రెండు చేతులూ ఇలా ముఖం ముందు పెట్టుకుని, తల వంచి చానాసేపు నిలబడ్డారు. అంత నిష్ఠగా మొక్కారంటే ఊరికేనా? అప్పట్నుంచీ మేం పసుపు రాస్తన్నాం."

వదినా నేనూ ముఖాలు చూసుకున్నాం. ఎండలో తెర కనపడక, ఫోనును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చూడటం అన్నయ్య అలవాటు. ఇంతకుముందు వెతకడానికి వచ్చినవాళ్ళు కూడా దండం పెట్టుకుని వెళ్ళిపోయి ఉంటారు. అమ్మవారి రాళ్ళు ఎవరు కదుపుతారు?

సంగతంతా చెప్పాం. ఆమె బుగ్గలు నొక్కుకుంది. మా నీళ్ళతో చేతులు కడుక్కుని, "తప్పయితే కాయమ్మా" అంటూ తనే రాళ్ళు తీసింది. వాటి వెనక గుంటలో అన్నయ్య టిఫిన్ డబ్బా! వదిన దాన్ని కొంగుతో తుడిచి, కాగితం మీద పేరు రాసింది. నేను చిలకను లోపల పెట్టాను. డబ్బాను దాచి రాళ్ళు మళ్ళీ పేర్చాం. యాప్‌లో "దొరికింది" అని నొక్కి, మీలో ఎవరైనా వెళ్తే పనికొస్తుందని ఒక సూచన కూడా రాశాను: చెప్పులు విప్పి, దండం పెట్టుకుని, రాళ్ళు తీయండి.

తిరుగు బస్సులో, భవానీపురం దగ్గర పడ్డాక వదిన అంది: "పెళ్ళయినప్పట్నుంచీ గుడికి రమ్మని బతిమాలాను. చెప్పులకి కాపలా ఉంటానని బయటే కూర్చునేవారు మీ అన్నయ్య. ఇవాళ చూడు, ఆయన కట్టిన గుడి ముందు నా చేత చెప్పులు విప్పించారు."