మా వానగంట దిగ్విజయంగా మోగింది

హాస్టల్లో మిగిలిన మహాశయులారా, ఈ రోజు మా ఊళ్ళో విజ్ఞానశాస్త్రం గెలిచింది. మేము మునిగిపోయాం.

కల్లంలో ఆరబోసిన మిరపకాయలు అకాల వర్షానికి తడిసిపోకుండా నేనూ, మా బాబాయి కొడుకు సుబ్బులూ కలిసి ఒక వానగంట తయారుచేశాం. చినుకు పడగానే తాడుకు కట్టిన ఉప్పుగడ్డ కరిగి, దాని ఆసరాతో వేలాడే ఇటుక కిందపడి, గంట మోగుతుంది. వెంటనే అందరూ పరుగెత్తి కాయల మీద పట్టాలు కప్పాలి.

మధ్యాహ్నం భోజనాలయి కునుకు తీస్తుండగా గంట గణగణ మోగింది. అందరం పరుగెత్తాం. కాయల దగ్గరికి కాదు, గంట దగ్గరికి.

"మోగిందిరోయ్!" అంటూ సుబ్బులు నన్నెత్తి గిరగిరా తిప్పాడు. అమ్మ మా ఇద్దరికీ మెటికలు విరిచింది. పక్కింటి పెదనాన్న గొడుగేసుకుని వచ్చి, "ఏదీ, నేను చూళ్ళేదు, ఇంకోసారి మోగించండ్రా" అన్నాడు. వానలోనే ఇంకో ఉప్పుగడ్డ కట్టి మోగించాం కూడా.

అప్పుడు వినబడింది నాన్న కేక. "ఒరేయ్, ఆ రెండో కొస పట్టుకోండ్రా ఎవరైనా!" అంత పెద్ద పట్టాని ఒక్కడే ఈడుస్తున్నాడు. అప్పటికే ఏడాది పంట నీళ్ళలో తేలుతోంది. తడిసిన కాయ తెల్లబడితే గుంటూరులో దాని మొహం చూసేవాడుండడు.

వాన వెలిశాక తిట్లకు సిద్ధపడి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నాన్న నీళ్ళోడుతున్న కాయల్ని దోసిళ్ళతో ఎత్తుతూ, "గంట బాగానే చేశార్రా" అన్నాడు. అంతే. మళ్ళీ కాయలెత్తడంలో పడిపోయాడు.

తిట్టని తండ్రి చేత తిట్టించే యంత్రమేదైనా మీకు తెలిస్తే, తిరుగు టపాలో రాయండి.