మంచులో ఆగిన కారు, నార్మన్ గారి వేషాలు

నాకు ఎనిమిదేళ్ళప్పుడు... ఒక శనివారం మధ్యాహ్నం, కెనడాలో అప్పుడు మేముండే రెజైనా దాటి కొంత దూరం వెళ్ళాక మా కారు మంచు తుఫానులో ఇరుక్కుపోయింది. అద్దాల అవతల అంతా తెలుపే. రోడ్డు లేదు, పొలాలు లేవు, ఆకాశం కూడా లేదు...

ముందు సీట్లో నాన్న, ఆయన పక్కన మా పక్కింటి నార్మన్ గారు. వెనక నేను.

నార్మన్ గారిది అమెరికా. వయసులో ఉన్నప్పుడు హాలీవుడ్ సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేసేవారు. హోటల్ గుమాస్తా, కోర్టులో సాక్షి, మొదటి కాల్పుల్లోనే పడిపోయే దొంగ... చూసినవాళ్ళకి ముఖం గుర్తుండేది, పేరు మాత్రం తెలిసేది కాదు. వేషాలు తగ్గిపోయాక, భార్యది రెజైనా కావడంతో అక్కడికి వచ్చేశారు. ఆవిడ పోయాక ఒక్కరే ఉండేవారు. ఆ రోజు పక్క ఊళ్ళో ఒక పాత హాల్లో ఆయన సినిమా వేస్తున్నారు. తీసుకెళతానని నాన్నే అన్నారు. బయల్దేరినప్పుడు ఎండ కాస్తోంది మరి...

చేతుల్లో ఫోన్లు లేని రోజులు. కాసేపు చూసి నాన్న జాకెట్ జిప్ పైకి లాక్కున్నారు.

"ఇందాక ఎడమవైపు ఒక ఇల్లు కనపడింది. నడిచెళ్ళి హెల్ప్ తీసుకొస్తా. నువ్వు అంకుల్ దగ్గరే ఉండు, చిట్టీ."

తలుపు తీయబోతుంటే నార్మన్ గారు ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"కూర్చో," అన్నారు ఇంగ్లీషులో. నాకు బిస్కెట్లిచ్చే ముసలాయన గొంతు కాదది. "నాలుగడుగులు వేస్తే నీ కారు నీకే కనపడదు. సినిమాల్లో నేను బోలెడుసార్లు చచ్చాను. డైరెక్టర్ చాలనగానే లేచేవాణ్ణి. ఇక్కడ ఎవరూ చాలనరు."

నాన్న తలుపు వదిలేశారు.

కారులో గ్యాస్, అదే పెట్రోలు, తక్కువగా ఉంది. నాన్న కాసేపు ఇంజన్ వేసి, మళ్ళీ ఆపేసేవారు. వేసే ముందు దిగి, కారుని పట్టుకునే వెనక్కి వెళ్ళి, పొగ లోపలికి రాకుండా పొగగొట్టం దగ్గర మంచు తీసేవారు. ఆయన తిరిగొచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టేదాన్ని...

"నాన్నా, ఐయామ్ స్లీపీ," అన్నాను చివరికి.

"వద్దు తల్లీ, పడుకోకు... కళ్ళు తెరువు!" నాన్న వెనక్కి తిరిగి నా బుగ్గలు తట్టారు.

అప్పుడు నార్మన్ గారు సీట్ల మధ్య నుంచి కష్టంగా వెనక్కి వచ్చారు. తన కోటు విప్పి నా మీద కప్పారు. "నేనెవరో చెప్పు చూద్దాం," అంటూ మొదలుపెట్టారు.

ముక్కు పైకెత్తి హోటల్ గుమాస్తా అయ్యారు. నాలుక మడతపడే తాగుబోతు అయ్యారు. అబద్ధం చెబుతూ చెమట తుడుచుకునే సాక్షి అయ్యారు... ఆ చలిలో ఆయన నుదుటి మీద నిజంగానే చెమట ఉందనిపించింది నాకు. తన జీవితంలో వేసిన వేషాలన్నీ నా ఒక్కదాని కోసం మళ్ళీ వేశారు. నా నిద్ర ఎగిరిపోయింది.

తర్వాత ఒక దొంగ వేషం. గుండు తగిలింది. తల మెల్లగా అద్దానికి ఆనింది. కళ్ళు మూతపడ్డాయి.

నేను చప్పట్లు కొట్టాను. ఆయన లేవలేదు.

"అంకుల్, ఇట్స్ ఓవర్... గెటప్!"

నాన్న ఒక్క ఉదుటున వెనక్కి దూకారు. నా మీదున్న కోటు తీసి ఆయనకి చుట్టి, చేతులు రుద్దుతూ, పేరు పెట్టి అరుస్తూనే ఉన్నారు. నేను ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాను. ఎంతసేపటికో కనురెప్పలు కదిలాయి... "అరవకు, వింటున్నా," అన్నారు. నాన్న భోరుమన్నారు.

ఇంకాసేపటికి మంచు తీసే బండి పసుపు లైటు కనపడింది.

చలికి ఆయన ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. సినిమా చూడనే లేదు. ఆసుపత్రిలో నన్ను చూసి, "నా నటన చూసి నిద్రపోని ప్రేక్షకురాలివి నువ్వొక్కదానివే," అన్నారు. తర్వాత చాలా ఏళ్ళు మా పక్కింట్లోనే ఉన్నారు.

ఇప్పుడు నేను కెనడాలోనే ఇంకో ఊళ్ళో, కిచెనర్‌లో ఉంటున్నాను. మంచు పడకముందే ఫోన్ చెప్పేస్తుంది... సీటు కూడా వెచ్చగా ఉంటుంది. పక్కింటివాళ్ళు మాత్రం గరాజ్ తలుపు చప్పుడుగానే తెలుసు. వాళ్ళు ఎక్కడివాళ్ళో, ఒకప్పుడు ఏం చేసేవారో నేనెప్పుడూ అడగలేదు...

మీ చిన్నప్పుడు మీ పక్కింట్లో ఎవరుండేవారు? వాళ్ళ గురించి రాయరూ...