ఆ తల్లికి నీళ్లు పట్టింది నేనే

ఆ క్యాంపుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. వాన. ఉప్పల్ నుంచి బయల్దేరి అది ఆరో రోజు. దేశం ఆ చివర, కొండ అంచున నాలుగు గుడారాలు, ఇసుక బస్తాల గోడ, చుట్టూ ముళ్లకంచె. నాకిచ్చిన కోటు మోకాళ్లు దాటింది. రెండు కంబళ్లు, ఒక రైఫిలు, ఒక పళ్లెం. సర్కారు బలగం తాలూకు మహిళా దళంలో తొమ్మిది మందిమి. మా ఆయన అదే బలగంలో డ్యూటీ మీద చనిపోతే ఆ కొలువు నాకిచ్చారు. నాలుగో తరగతి చదువుకు వంటపనే దక్కింది. కాపలా వంతు వస్తే రైఫిలూ పట్టాలి. ఈ ఏడు తెలంగాణ వచ్చింది. నేను చెప్పేది దానికి పదేళ్ల కిందటి మాట.

మూడో వారంలో, సర్కారు మీద తిరగబడి కొండ మీద దాగిన సాయుధులు మా నీళ్ల ట్యాంకరు డ్రైవరును ఎత్తుకుపోయారు. ఇద్దరు పిల్లల తండ్రి. మర్నాడు మా కమాండరు కింది ఊరికి జీపు పంపి, వాళ్లలో ఒకడి తల్లిని తెప్పించాడు. అరవై దాటిన మనిషి. తనంతట తానే మాట్లాడటానికి వచ్చిందని కాగితం రాశారు. ఆడ కాపలా ఉందని కింద నా సంతకం పెట్టించారు. ఆమె ఎడమ చెంప వాచి ఉంది. ఎవరు కొట్టారని నేను అడగలేదు.

రెండు రోజులు ఆమె ఏమీ ముట్టలేదు. తినిపించే పని నాకు అప్పజెప్పారు. గంజి కాచి, ఉప్పు వేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న మామిడి పచ్చడి రవ్వంత పెట్టాను. ఆ సీసా నేను ఎవరికీ తీసేదాన్ని కాదు. వైర్‌లెస్ చూసే పిల్లది మా పక్క బోడుప్పలే. చూసి నవ్వింది.

“ఏందక్కా, సీసా మూత తీసినవ్? మేమడిగితే అయిపోయిందంటివి గదా.”

“నీకైతే రొట్టె నమలొస్తది. ఆమెకు రాదు. పో, నీ పని సూస్కో.”

ముసలామె తిన్నది. నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నది. ఆమె భాష నాకు రాదు. మంచిపని చేశాననుకున్నాను. కమాండరు కూడా మెచ్చుకున్నాడు. ఆమెకు గొంతు రావాలనే ఆయన చూస్తున్నాడని మర్నాడు గానీ తెలియలేదు.

పొద్దున ఏడింటికి ఆమెను కంచె దగ్గర కొండవైపు ముఖం పెట్టి స్టూలు మీద కూర్చోబెట్టారు. చేతికి బ్యాటరీ మైకిచ్చి కొడుకును పిలవమన్నారు. పిలిచింది. మొదట ఏడుస్తూ, తర్వాత అన్నానికి పిలిచినట్టు మామూలుగా. గొంతు ఆరినప్పుడల్లా నీళ్లు తాగించమని నన్ను పక్కన నిలబెట్టారు.

ఎనిమిది నలభైకి వైర్‌లెస్ పిల్ల వచ్చి నా చెవిలో చెప్పింది.

“అక్కా, ఆమె కొడుకు దిగిండట. ఎనక వాగు కాడ చేతులెత్తిండట. పట్టుకొని బండెక్కిస్తున్నరు.”

“మరి ఆమెకు చెప్పాలె గదా.”

“చెప్పొద్దన్నరు. ఇంకిద్దరు దిగుతరేమో, పిలువనియ్యమన్నరు.”

“డ్రైవరన్న సంగతేంది?”

“తెల్వదక్కా.”

చెప్పడానికి భాష అక్కర్లేదు. చెయ్యెత్తి వెనక వాగువైపు చూపిస్తే చాలు. బండి కదిలేలోపు ఆమె ఒక్కసారి కొడుకును చూసుకునేది. డ్రైవరు పిల్లల కోసమే చెప్పకుండా ఆగానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నా కొలువు పోతుందని ఆగాను. బండి చప్పుడుకు ఆమె పిలవడం ఆపి నా ముఖంలోకి చూసింది. నేను నీళ్ల సీసా ఆమె నోటికి పెట్టాను. తాగింది. మళ్లీ పిలిచింది.

పదకొండున్నర దాకా పిలిచింది. ఇంకెవరూ దిగలేదు. సాయంత్రం ఆమెను ఊరికి పంపేశారు. కొడుకు ఏమయ్యాడో మాకెవరూ చెప్పలేదు. డ్రైవరు శవం ఐదో రోజు వాగులో దొరికింది. వాళ్లు ఒక తండ్రిని పట్టుకున్నారు, మేం ఒక తల్లిని పట్టుకున్నాం. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు.

పద్నాలుగు నెలలకు నాచారంలో మా ఇంటికి తిరిగొచ్చాను. బస్తీవాళ్లు దండ వేశారు. బళ్లో చెప్పుకోవడానికి ఏదన్నా ధైర్యం కథ చెప్పమని మనవరాలు ఇప్పుడు అడుగుతోంది. నా దగ్గర లేదు. నా దగ్గర ఉన్నది ఒకటే. ఆ పొద్దున, కొడుకును ఎక్కించుకున్న బండి పోయిన కాసేపటికి, మైకు బ్యాటరీ అయిపోయింది. పిలుపు కంచె కూడా దాటడం లేదు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు గనక, ఆమె కొండవైపు చూస్తూ, మధ్యమధ్య జవాబు కోసం చెవి ఒగ్గుతూ, పిలుస్తూనే ఉంది.