కుక్క తలకు రాసిన నూనె

మా అత్తగారు మోక్షం కోసం మతం మారలేదు. ముంతెడు నువ్వులనూనె కోసం మారింది. ఎవరెన్ని కథలు అల్లినా నాకు తెలిసిన నిజం ఇదే. ఆ నూనె విషయంలో ఆమెకు ద్రోహం చేసింది నేనే కాబట్టి, నాకంటే బాగా ఇంకెవరికీ తెలియదు.

పుదుచ్చేరి నుంచి పడమరగా ఎద్దులబండిలో ఒక పూట ప్రయాణం చేస్తే పొలాల మధ్య ఒక చిన్న చర్చి వస్తుంది. లోపలి పునీతుడి బొమ్మకు తొడమీద పుండు, కాళ్ల దగ్గర రొట్టె కరుచుకున్న కుక్క. అంటురోగాలు తగ్గించే సామి. సముద్రం ఒడ్డున కురుచికుప్పం నుంచి చేపలవాళ్లు కూడా నడుచుకుంటూ వచ్చి మొక్కుకునేవారు. వెనకటికి కలరా వచ్చినప్పుడు ఆ బొమ్మను మోసుకుని ఇంటింటికీ తిరిగితే భయంతో ఎవరూ తలుపు తీయలేదట. మా అత్తింటి ముత్తాత మాత్రం, హిందువై ఉండీ, తన గానుగ కొట్టంలో చోటిచ్చి దీపానికి నూనె పోశాడట. ఆ కొట్టమే తర్వాత చర్చి అయింది. మేం పట్నానికి చేరి గానుగ సంగతే మరిచిపోయినా, ఏటా తిరునాళ్లకు తొలిదీపం మా ఇంటి నూనెతోనే, మా ఇంటి ఆడమనిషి చేతిమీదుగానే వెలిగేది.

మా అత్తగారికి ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు. ఇంట్లో పెళ్లంటే ఆమె వంటింట్లోంచి బయటికి రాకూడదు. ఎవరైనా బయల్దేరుతుంటే ఎదురు పడకూడదు. ఆ చర్చిలో మాత్రం ముప్పై ఏళ్లు ఆమే దీపం వెలిగించింది. మిగిలిన నూనె కుక్క తలకు రాసేది. ఆ బొమ్మ తల నల్లగా నిగనిగలాడుతుండేది. నేను నవ్వితే, "ఏందిమే నవ్వుతావు? యాడికి పోయినా నా చెయ్యి పనికిరాదంటిరి. ఈ సామి ఒగడే ఏమీ అనలా," అనేది.

అప్పుడు ఫ్రాన్సు నుంచి కొత్త పాదిరి ఓడ దిగాడు. జ్ఞానస్నానం చేసి క్రైస్తవుల్లో కలవనివాళ్లు గడప దాటకూడదన్నాడు. నూనె గుమ్మం దగ్గర ఇచ్చి పోవాలట. రెండేళ్లు ఆమె మెట్లమీద నిలబడి, లోపల ఇంకెవరో దీపం ముట్టిస్తుంటే మెడ సాచి చూసింది. మూడో ఏడు మాతో చెప్పకుండా వెళ్లి జ్ఞానస్నానం చేయించుకుంది. మా ఆయన తల్లి కంచం వేరు చేశాడు. ఆ కంచం పట్టుకెళ్లి పెరటి వసారాలో పెట్టింది నేనే. ఆమె పట్టించుకోలేదు. తిరునాళ్లు ఎప్పుడొస్తాయా అని చూస్తూ ఉండేది.

ఆ రోజు పొద్దున్నే ముంత ఒళ్లో పెట్టుకుని మా బండే ఎక్కింది. మా ఆయన ముఖం తిప్పుకున్నాడు గానీ దింపలేదు. చర్చి గుమ్మంలో అక్కడి పెద్దమనిషి అడ్డం వచ్చాడు.

"నువ్విప్పుడు మా మనిషివి గదమ్మా. మామూలు ప్రకారం నూనె హిందువులింటినించి రావాల. నీ కోడల్ని ఇయ్యమను, లోపల నేను ముట్టిస్తా."

"నేను యాడనించి వచ్చినాను? ఆ ఇంట్లోంచే గదా?"

"ఆ ఇల్లు వదిలేసే గదమ్మా మాలోకి వచ్చింది."

పాదిరి తలూపాడు. మా ఆయన నా చెవిలో, "తీసుకో, లేకుంటే ఇంటి మర్యాద పోతాది," అన్నాడు. తీసుకున్నాను. ఆమె వేళ్లు ముంతను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీశాను. నన్ను తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. "కుక్కకి కొంచెం మిగల్చమను," అంది, అంతే.

ఆ మాట నేను పెద్దమనిషికి చెప్పలేదు. నా మెడలో మల్లెదండ వేశారు, ఆ సంబరంలో మునిగిపోయాను. దండ వేస్తారు గనుక ఇకమీదట ముత్తైదువే నూనె తేవాలని మా ఆయన అక్కడికక్కడే నియమం పెట్టించాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది, దాచుకోవడం దేనికి.

ఆమె ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. మళ్లీ ఆ చర్చి గడప తొక్కలేదు.

పోయిన ఏడు మా ఆయన పోయాడు. ఈసారి తిరునాళ్లకు ముంత మా కోడలి ఒళ్లోకి వెళ్లింది. నన్ను బండి దిగవద్దన్నారు. కోడలు దండతో తిరిగొచ్చాక, "కుక్కకి నూనె రాసినారా?" అని అడిగాను.

"ఏ కుక్క అత్తా?" అంది.