బొమ్మలో లేని ఊతకర్ర

తల కింద పెట్టుకుని పడుకున్న చెయ్యి నిద్ర లేచేసరికి మొద్దుబారి ఉంటుంది కదా. మనదే, కానీ మనది కాదనిపిస్తుంది. కొన్నేళ్లుగా నాలో ఒక విషయం అలా ఉండిపోయింది. నొప్పి లేదు. ఉందని మాత్రం ఎప్పుడూ తెలుస్తుంటుంది. డైరీలో వంకాయకూర మాడిన సంగతి కూడా రాసుకునే నేను, దీన్ని అక్కడా రాయలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా ముఖం చూడలేరు కాబట్టి.

మాది ధర్మపురి. గోదావరి ఒడ్డున మెట్లు విరిగిన రేవులనూ, పాడుబడుతున్న పాత ఇళ్లనూ పెన్సిల్‌తో గీయడం నా అలవాటు. నాకు మనుషులతో మాట్లాడటం రాదు. గోడలైతే ఏమీ అడగవు. మా గల్లీ చివర లచ్చవ్వ ఇల్లు. గూనపెంకుల వసారా, చిలుకలు చెక్కిన పాత దర్వాజ. వసారా దూలానికి చెదలు పడితే, సరిగ్గా దర్వాజ ముందే ఒక ఊతకర్ర నిలబెట్టారు. లచ్చవ్వ ఒంటరి మనిషి. రోజంతా దాని పక్కనే కూర్చుని బీడీలు చుట్టేది. ఆ వేళ్లు ఆడితేనే ఆమె పొయ్యి వెలిగేది.

“ఏందే పిల్లా, కూలే ఇల్లే దొరికిందా నీకు?” అని నవ్వేది. “గీస్తే గీసినవ్ గని, గా కట్టెను మరువకు. గదే మా ఇంటికి పెద్దకొడుకు.”

నాకు మాత్రం ఆ పెద్దకొడుకు అడ్డం. చిలుకల జంటను మధ్యలో చీల్చేవాడు. కర్రను వదిలేసి మిగతాది గీయవచ్చు కదా అంటారేమో. కంటికి కనిపించనిది గీయకూడదని నాకో పట్టింపు. దాన్ని నిజాయితీ అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానకు వెళ్లింది. కర్రను తీసి గోడకు ఆనించాను. ఏమీ కాలేదు. చిలుకలు నిండుగా కనిపించాయి, గీసుకున్నాను. తిరిగి పెట్టబోతే కర్ర పట్టలేదు. దూలం కాస్త కిందికి దిగింది. కొట్టి బిగించాలంటే చప్పుడవుతుంది. ఎవరో ఒకరు వచ్చి ఏం చేస్తున్నావని అడుగుతారు. ఏటవాలుగా, నిలబడ్డట్టు కనిపించేలా పెట్టి వచ్చేశాను. భయమా అది? సిగ్గా? లేక బొమ్మ పూర్తయింది కాబట్టి ఇక ఇల్లు ఏమైనా పరవాలేదనుకున్నానా? ఈ చివరి ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు నిలబడలేను.

ఆ వారమే ముసురు పట్టింది. నానిన పెంకుల బరువుకు వసారా కూలి, అవ్వ కుడిచెయ్యి దూలం కింద పడింది. ఎముకలు అతికాయి, వేళ్లు మాత్రం వంగవు. కోతులు దుంకి కూల్చాయని గల్లీ అంతా అంది. నేనూ తలూపాను. ఇప్పుడామె మిగిలిన వెనక గదిలో ఉంటూ, పక్కింటివాళ్ల పిల్లలను చూసుకుని వాళ్లు పెట్టింది తింటుంది.

బొమ్మ ఆమెకే ఇచ్చాను. ఎందుకిచ్చాను? దొరికిపోదామనా? ఎడమచేతి వేలితో దర్వాజ ముందున్న ఖాళీని తడిమింది.

“గీడ నా పెద్దకొడుకేడే?”

“గియ్య మరిచిన అవ్వా.”

“మరువకని జెప్తి గదనే పిచ్చిదానా,” అని నవ్వింది. “పోనీ తియ్యి. ఉన్నా ఏం గాశిండు?”

అప్పుడు ఒక్క మాట సరిపోయేది. ఆమె ఇచ్చిన చాయ్ తాగి ఇంటికి వచ్చాను.

బొమ్మ ఇప్పటికీ ఆమె గోడ మీదే ఉంది. అటు వెళ్లినప్పుడల్లా చూస్తాను. చిలుకలు బాగా వచ్చాయనే అనిపిస్తుంది. అదీ చెప్పాలి మీకు.

వాడు కాయలేదనుకుంటోంది ఆమె. వాడు కాశాడు. నేనే పక్కకు జరిపాను.

మరిచిపోలేదు అవ్వా. తీసేశాను.