లిఫ్టుల బావ, మొండికేసిన కంప్యూటర్

మా బావ లిఫ్టుల మెకానిక్. ఊళ్ళో ఎత్తయిన బిల్డింగులన్నీ ఆయనకి లోపల్నుంచే తెలుసు. బయట నిలబెట్టి చూపిస్తే ఏది ఏదో పోల్చుకోలేడు. "లోపలికెళ్ళి తాళ్ళు చూస్తే చెప్తాను" అంటాడు. పెళ్ళయిన కొత్తలో మా ఇంటికొచ్చి మా నాన్నతో రెండు ముక్కలైనా మాట్లాడలేదు. వీధి తలుపు కిర్రుమంటోందని బందులకి నూనె వేసి వెళ్ళాడు. నాన్నకి తెగ నచ్చేశాడు. అక్క మాత్రం, "ఈ మధ్య లిఫ్టులే మాట్లాడుతున్నాయట, నాకు దొరికినాయన మాట్లాడడు" అంది.

నేను ఆయన మరదల్ని, పక్క వీధిలోనే ఉంటాను. నాకు నోరెక్కువ, ఆయనకి ఓపికెక్కువ. అందుకే మా ఇద్దరికీ పడుతుంది.

బావకో అలవాటుంది. లిఫ్టు గోతిలోకి దిగేముందు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. "పని జరుగుతోంది అని బోర్డు తగిలిస్తే సరిపోదా బావా?" అని ఓసారి అడిగాను. "బోర్డు చదవనివాళ్ళుంటారు. నా జేబులో ఉన్నదాన్ని ఎవడు తీసుకెళ్ళి పెడతాడు?" అన్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరిదీ అదే పద్ధతి. ప్రాణాన్ని జేబులో వేసుకుని దిగడమన్నమాట. ఇంట్లో ఫ్యాను విప్పినా అంతే, దాన్లోంచి ఏదో ఒక ముక్క జేబులోకి వెళ్తేగానీ చెయ్యి పెట్టడు. అక్క బట్టలు ఉతికేముందు జేబులు తడిమి, మరలూ ముక్కలూ ఏరి, ఓ గిన్నెలో వేస్తూ ఉంటుంది.

పోయిన నెల ఆ జేబే ఆయన కొంప ముంచింది. పని ముగించి, సంచి సర్దుకుని, ఫ్యూజు పెట్టడం మర్చిపోయి ఇంటికొచ్చేశాడు. పై అంతస్తులవాళ్ళు సాయంత్రమంతా ఆయన్ని తిట్టుకుంటూ మెట్లెక్కారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆఫీసులో పైఅధికారి పిలిచి గోతిలోకి దిగే పని ఆపేశాడు. ఇంట్లోనే కంప్యూటర్ మీద ఓ పరీక్ష రాయాలట. శుక్రవారం మధ్యాహ్నం మూడింటి దాకా గడువు. పాసైతే మళ్ళీ దిగొచ్చు, లేకపోతే స్టోరు రూములో కూర్చుని సామాన్లు అందించాలి. స్టోరు రూమంటే బావకి జైలు కింద లెక్క. ఆ నెలంతా అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడట.

శుక్రవారం పొద్దున్న బావ ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ చేయడమే విశేషం. "కంప్యూటర్ లేవట్లేదు. ఒకసారి రా" అన్నాడు.

ఆ కంప్యూటర్ ఒకప్పుడు మా అమ్మాయిది. దానికి కొత్తది కొన్నాక పాతది వీళ్ళకిచ్చాను. నేను టికెట్ల ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందే కూర్చుంటాను కాబట్టి దాని గురించి నాకన్నీ తెలుసని వీళ్ళ నమ్మకం. బస్సెక్కేవాళ్ళందరికీ ఇంజను తెలుస్తుందా?

వెళ్ళి మీట నొక్కాను. దీపం వెలిగింది, లోపల ఫ్యాను తిరిగింది. తెర మీద నల్లటి నలుపులో తెల్లగా ఒక్క ఇంగ్లీషు వాక్యం వచ్చింది. మొదలవ్వడానికి డిస్కు దొరకలేదట, అది పెట్టి ఏదో ఒక కీ నొక్కాలట. ఏదో ఒకటి అంది కదా అని ఏదో ఒకటి నొక్కాను. మళ్ళీ అదే వాక్యం. ఇంకోటి నొక్కాను. పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు మళ్ళీ అదే.

"డిస్కు దొరకలేదంటే ఏంటి? లోపలే ఉండాలి కదా" అన్నాడు బావ.

"ఉండాలి."

"ఉంటే దొరకాలి కదా."

"దొరకాలి బావా. దానికి చెప్పు, నాకెందుకు చెప్తావు?"

మా ఆఫీసులో ఒకటే మంత్రం, ఆపి మళ్ళీ వెయ్యడం. ఆపి వేశాను, వేసి ఆపాను. ఈ లోపల బావ ఆయన పద్ధతిలో ఆయన మొదలుపెట్టాడు. లిఫ్టు కదలట్లేదంటే ఎక్కడో ఒక అంతస్తులో తలుపు సరిగ్గా పడలేదని అర్థమట. కింద నుంచి పైదాకా ఒక్కో తలుపూ చూసుకుంటూ పోతే దొరికి తీరుతుందట. గోడ ప్లగ్గులో టేబుల్ ల్యాంపు పెట్టి చూశాడు, వెలిగింది. వైరు మార్చాడు. తెర వెనక తీగ పీకి గుచ్చాడు. కీబోర్డు బోర్లించి దులిపాడు. రెండు రొట్టె ముక్కలు రాలాయి. అన్ని తలుపులూ పడ్డాయి, లిఫ్టు మాత్రం కదల్లేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఉంది మా ఇద్దరి పనీ.

అక్క కిటికీ పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఏమైంది అని గానీ, అయ్యో అని గానీ అనలేదు. మామూలుగా అయితే ఈపాటికి మా ఇద్దరికీ నాలుగు అంటించాల్సిన మనిషి. బావ దిగులు చూడలేక ఊరుకుందేమో అనుకున్నాను.

చివరికి కంప్యూటర్ల షాపాయనకి ఫోన్ చేశాను. ఆయన ఏదో నములుతూనే విని, "డబ్బా విప్పండి. డిస్కు నుంచి బోర్డుకి చిన్న ఎర్ర వైరుంటుంది. వదులైందేమో చూడండి" అన్నాడు.

బావ ప్లగ్గు పీకి, స్క్రూడ్రైవర్ తెచ్చాడు. దాంతో పనే పడలేదు. మరలు చేత్తోనే ఊడొచ్చాయి. మూత తీసి చూస్తే లోపల అద్దంలా మెరుస్తోంది.

"ఇన్నేళ్ళ కంప్యూటర్లో దుమ్మే లేదేంటి బావా?"

"ఎవరో తుడిచినట్టున్నారు" అన్నాడు. అని నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను.

డిస్కు ఉంది. కరెంటు వైరు ఉంది. ఎర్ర వైరు లేదు. డిస్కు వైపు ఒక ఖాళీ గాడి, బోర్డు వైపు ఒక ఖాళీ గాడి. షాపాయనకి మళ్ళీ ఫోన్ చేసి, "వైరే లేదండీ" అన్నాను.

"లేకపోవడమేంటమ్మా? మొన్నటిదాకా నడిచిందన్నారుగా?"

"నడిచింది."

"మరి వైరు ఎక్కడికి పోతుంది, కాళ్ళొచ్చి?"

"అదే కదా మిమ్మల్ని అడుగుతున్నాను" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఎలుకేమో అని బీరువా వెనకంతా వెతికాం. మరలు విప్పి మళ్ళీ బిగించే ఎలుక ఎక్కడుంటుందని నాకే నవ్వొచ్చింది. దొంగ అనుకుందామంటే, ఇల్లంతా వదిలేసి జానెడు వైరు పట్టుకుపోయే దొంగ ఉంటాడా? "మీ అమ్మాయి ఇచ్చేటప్పుడే తీసేసిందేమో" అన్నాడు బావ. "అప్పుడే తీసేస్తే ఇన్నాళ్ళూ ఎలా నడిచింది?" అన్నాను. గడియారం చూస్తే పన్నెండు దాటింది. నాకు తల తిరిగిపోతోంది.

"మా ఆఫీసుకి పద బావా, నా సీట్లో కూర్చుని రాసెయ్యి" అన్నాను.

సరేనని చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. వెళ్ళినవాడు అక్కడే నిలబడిపోయాడు. చాలా చిన్నగా, "మరదలా, దీన్ని నేనేమైనా విప్పానా?" అని అడిగాడు.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తప్పు చేసినవాడి గొంతు కాదది, దారి తప్పినవాడి గొంతు. "నువ్వెందుకు విప్పుతావు? విప్పితే నీకు గుర్తుండదా?" అని నవ్వాను.

అక్క చేతిలో మడత పక్కన పెట్టి లేచింది. గది తలుపు వెనక కొక్కేనికి ఆయన నీలం యూనిఫాం చొక్కా వేలాడుతోంది. వెతకలేదు, తడమలేదు. తిన్నగా ఆ జేబులో చెయ్యి పెట్టి, మడిచిన ఎర్ర వైరు తీసి బల్ల మీద పెట్టింది.

"చంకలో పిల్లని పెట్టుకుని..." అని సగం అనేసి, బావ మొహం చూసి మిగతాది మింగేశాను.

"మొన్న సాయంత్రం విప్పారు మీరు" అంది అక్క. "పరీక్షకి ముందు దుమ్ము దులుపుతానని కూర్చున్నారు. టీ తెచ్చిచ్చింది నేనే. వైరు పీకి జేబులో వేసుకోవడం చూశాను. తర్వాత మూత పెట్టేశారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చూసి కూడా పొద్దుట్నుంచి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేంటే? మేమిద్దరం పిచ్చోళ్ళలా ఎలుకల్ని వెతుకుతుంటే?"

"చెప్తే పరీక్ష రాస్తారు."

"రాస్తే ఏం, ఫెయిలవుతాడా?"

"పాసవుతారు" అంది అక్క. "పాసైతే మళ్ళీ దిగుతారు."

నాకప్పటికీ బుర్రకెక్కలేదు. అక్క నాతో కాదు, ఆయనతోనే చెప్పింది. "తాళం వేశానంటారు, వచ్చి చూస్తే తలుపు బార్లా తీసుంటుంది. స్టవ్ ఆపానంటారు, మండుతుంటుంది. మీరు అబద్ధమాడటం లేదండీ. ఆపాననే అనుకుంటున్నారు. నాకు భయంగా ఉంది. మీరు పైకి రాకుండా ఉండే రోజొకటి వస్తుందని భయంగా ఉంది."

బావ వైరు తీసుకుని, ఒక కొస అక్కడా ఒక కొస ఇక్కడా గుచ్చి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కాడు. కంప్యూటర్ ఏమీ జరగనట్టు బొమ్మలతో సహా లేచి కూర్చుంది. పరీక్ష పేజీ తెరుచుకుంది. టైము కావలసినంత ఉంది.

మొదటి ప్రశ్న వచ్చింది. కింద ఇచ్చిన జవాబులు చదవకుండానే సరైనది చెప్పి, దాన్ని నొక్కాడు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. తాడు ఎంత అరిగితే మార్చాలి, తలుపుల మధ్య సందు ఎంతుండాలి, అన్నీ నోటి చివరే ఉన్నాయి. "చూశావా అక్కా, మా బావ బుర్ర పాదరసం" అన్నాను. నాకు నిజంగానే సంతోషమేసింది. అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది.

తర్వాతి ప్రశ్న నేనే చదివాను. కరెంటు ఆపారని గోతిలో ఉన్న తోటి పనివాడికి ఎలా తెలుస్తుంది? నాలుగు జవాబుల్లో ఒకటి, ఆపిన మనిషి తానే ఆపానని నోటితో చెప్పడం. బావ చెయ్యి సరిగ్గా దాని మీదికే వెళ్ళింది. వెళ్ళి ఆగింది. నొక్కలేదు.

ఫోన్ తీసి పైఅధికారికి చేశాడు.

"సార్, కంప్యూటర్ బాగానే ఉంది. ప్రశ్నలూ బాగానే ఉన్నాయి, అన్నీ వచ్చు నాకు" అన్నాడు. "అన్నీ వచ్చు కాబట్టే చెప్తున్నాను. ఫ్యూజు తీశావా అని కిందున్నవాడు అడుగుతాడు. తీశానంటాను. ఇన్నేళ్ళూ నా మాట నమ్మారు, వీడూ నమ్ముతాడు. తీశానో లేదో నాకే తెలీదు సార్. నేనిక దిగను."

అవతలాయన చాలాసేపు మాట్లాడాడు. బావ ఊఁ కొట్టాడు. సోమవారం నుంచి స్టోరుకొస్తానని చెప్పి పెట్టేశాడు.

పొద్దుట్నుంచి దేనికోసం నోరు కుట్టేసుకుని కూర్చుందో అదే జరిగింది కదా, అయినా అక్క మడతపెట్టిన బట్టల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏ పక్కన నిలబడాలో తెలీక నేను మధ్యలో నిలబడ్డాను. బావ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"ఊరుకోవే. డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్దామో చెప్పు" అన్నాడు. మళ్ళీ తనే, "నాకు కాదు, మీ చెల్లికి చెప్పు. నాకు చెప్తే వెళ్ళొచ్చేశామనుకుంటాను" అన్నాడు.