తుల్సీబాయి కడియం చప్పుడు

ఊరి రైతు పోశాలు ఇంట్లో తొలిచూలు బర్రెను కాళ్లకు తాడు లేకుండా పిండడం తుల్సీబాయి మొదటి గెలుపు. అంతకుముందు ఆ బర్రె పోశాలును పెండకుప్పలోకి తన్నింది, అతని తమ్ముడి పన్ను రాలగొట్టింది, ఇంటి ఆడవాళ్లను దగ్గరికే రానియ్యలేదు. తుల్సీబాయికి అప్పటికి పెళ్లయి ఏడాది. మరిపెడ పక్కనున్న తండా నుంచి రోజూ పొద్దున్నే ఊళ్లోకి నడిచి వెళ్లేది. దసరాకు మొదలుపెడితే దీపావళికి బర్రె నిలబడింది. మధ్యలో ఆమె మోకాలు వాచింది, పనిలేని పని పెట్టుకున్నావని అత్త తిట్టింది. దీపావళి నాడు పోశాలు ఆమెను గొంగడి పరిచి కూర్చోబెట్టి చాయ్ పోయించాడు. తండా మనిషికి ఆ ఇంట్లో అట్లాంటి మర్యాద అదే మొదలు. ఈ సంగతి అడిగినవాళ్లకూ చెబుతుంది, అడగనివాళ్లకూ చెబుతుంది.

చెప్పుకోవడానికి ఆమెకు చాలా ఉంది. పాలకుర్తిలో దుడ్డె చచ్చిపోయి పాలివ్వకుండా ఎగచేపిన బర్రెను మళ్లీ చేపించి పాలు దింపింది. మొగవాళ్ల వాసన వస్తే కొట్టం గుంజలు పెరికే బర్రెను ఆరేళ్ల పిల్ల పిండేటట్టు చేసింది. జనగామ అంగడిలో ఇది తుల్సీబాయి చెయ్యి పడ్డ బర్రె అంటే చాలు, కొనేవాడు వయసు కోసం పండ్లు కూడా చూడకుండా తాడు పట్టుకునేవాడు. బడికి వెళ్లింది తక్కువే గానీ, మూడు మండలాల బర్రెలకు బడి పెట్టింది తానేనని ఆమె మాట.

ఆ బడిలో పాఠం ఒకటే. బర్రె కాలెత్తితే అందరూ భయపడి చెయ్యి తీస్తారు. అప్పుడు దానికి తెలిసేదేమిటి? తంతే మనిషి పోతాడని తెలుస్తుంది. తుల్సీబాయి చెయ్యి తీయదు. దాని తొడ మీద అరచెయ్యి ఆనించి అట్లాగే కూర్చుంటుంది. కాలు నేలకు ఆనిన క్షణంలో చెయ్యి తీసేస్తుంది, ఒక పిడికెడు నానబెట్టిన పత్తిగింజలు పెడుతుంది. అయితే పొదుగు దగ్గరి నుంచి లేచి మూతి దాకా వెళ్లేసరికి బర్రె మళ్లీ కాలెత్తవచ్చు. గింజలు దేనికి పెట్టారో దానికి అర్థం కాదు. అందుకే కాలు ఆనగానే చేతి వెండి కడియాన్ని బకెట్ అంచుకు ఒక్కసారి తాకిస్తుంది. ఇప్పుడు చేసింది మంచిపని, గింజలు వస్తున్నాయి అని చెప్పడమే ఆ చప్పుడు. కొన్నాళ్లకు ఆ చప్పుడు వింటేనే బర్రె ఒళ్లు వదులు చేస్తుంది, పాలు దిగుతాయి.

కట్టె పట్టుకున్నా బర్రె నిలబడుతుంది. అది ఆమె కాదనదు. కానీ పాలు పైకి గుంజుకుంటుంది. దెబ్బ కాలెత్తినందుకు పడిందని బర్రె అనుకోదు, ఈ మనిషి వచ్చినందుకు పడిందనుకుంటుంది.

ఈ విద్యను ఆమె పూర్తిగా నేర్పింది ఒక్క చాందీకే. చాందీ చెల్లెలి బిడ్డ. తల్లి ఉన్నా తుల్సీబాయినే యాడీ, అంటే అమ్మా, అని పిలుస్తుంది. గిల్టు గాజులతో ఆ చప్పుడు రాదని తన జత కడియాల్లో ఒకటి తీసి చాందీ చేతికి తొడిగింది. తొడుగుతూ ఒక్కటే చెప్పింది.

"గీ చప్పుడు ఇనవడ్డదంటే గింజలే రావాలె బిడ్డా. ఇంకేదీ రావొద్దు. ఒక్కపారి తప్పినవంటే అది సచ్చేదాక యాది పెట్టుకుంటది."

చాందీ బచ్చన్నపేటలో అరుంధతి గారి పాల షెడ్డులో పనికి కుదిరింది. అరుంధతిది భూములున్న ఇల్లు, షెడ్డు నిండా బర్రెలు. తన పిల్ల అక్కడ పెద్ద పని చూస్తోందని తుల్సీబాయి తండా అంతా చెప్పుకుంది.

ఈ జనవరిలో ఆమె కంటికి మహబూబాబాద్ దవాఖానలో ఆపరేషన్ అయింది. వంగొద్దు, పొగ తగలొద్దు, పశువుల దగ్గరికి పోవద్దు అన్నారు. ఇంట్లో చుక్క ఉంది. నుదుట తెల్లమచ్చ ఉన్న తొలిచూలు బర్రె, తన పాత బర్రె కడుపున పుట్టింది, తన చేతుల్లో పెరిగింది. చెలకలో ఎక్కడ మేస్తున్నా కడియం చప్పుడుకు నడిచి వచ్చేది. దాన్ని పిండడానికి ఇరుగుపొరుగు వస్తామన్నా తుల్సీబాయి ఒప్పుకోలేదు. ట్రాలీ ఆటో మాట్లాడి, దుడ్డెతో సహా చాందీ దగ్గరికి పంపింది.

ఫిబ్రవరిలో చుక్క తిరిగి వచ్చింది. ఒళ్లు బాగానే ఉంది. సాయంత్రం తుల్సీబాయి నల్లకళ్లద్దాలతోనే బకెట్ పట్టుకుని కూర్చుంది. ముందుగా పలకరించినట్టు కడియం తాకించింది.

చుక్క చర్మమంతా వణికింది. మెడ తాడును తెంపుకునేలా వెనక్కి గుంజింది. మరుక్షణం కాలు విసిరింది. బకెట్ గోడకు తగిలింది, తుల్సీబాయి మణికట్టుకు దెబ్బ తగిలింది. ఆమె మొగుడు జైసింగ్ పరుగెత్తుకొచ్చి దుడ్డెను వదిలాడు. అది ఎంత కుమ్మినా పాలు దిగలేదు. తుల్సీబాయి చెయ్యి నొప్పి మరిచి చుక్క వెనక తొడలు తడిమింది. తోలు కింద గట్టిగా, చిన్నచిన్న గడ్డలు. సూది గుచ్చిన చోట్లు.

మర్నాడే ఆమె బచ్చన్నపేట వెళ్లింది. పిండే వేళకు షెడ్డు గుమ్మంలో నిలబడింది. ఎవరినీ పిలవలేదు. లోపల చాందీ బకెట్ అంచుకు కడియం తాకించింది. ఆ చప్పుడుకు వరుసలోని బర్రెలన్నీ ఒక్కసారిగా బిగుసుకున్నాయి. కొన్ని నిలబడ్డచోటే పెండ వేశాయి. చాందీ మొదటి బర్రె ముందు గింజలు పోసి, వెనక్కి వచ్చి తొడలో పాలు దింపే మందు సూది దించింది. కాసేపట్లో పాలు ధారగా దిగాయి.

తుల్సీబాయిని చూడగానే చాందీ సూది కొంగులో దాచబోయింది, దాచినా లాభం లేదని తెలిసి ఊరుకుంది.

"మొదట్ల కదలకుంట నిలవడ్డయ్ యాడీ. నీ చప్పుడుకే నిలవడ్డయ్, అందుకే సూది ఏసిన."

"చుక్కకు గూడనా?"

"పాల బండి ఆగదు. నీ ఒక్క బర్రె కోసం ఆగుమంటే నన్ను పనిల ఉంచుతరా?"

అరుంధతి వచ్చి కుర్చీ వేయించింది. ఆమె మాటల్లో వెటకారం లేదు, నిజంగానే మర్యాద చేసింది. దుడ్డెను వదిలి, చేపేదాకా కూర్చుని పిండితే షెడ్డు నడవదని చెప్పింది. పాలకుర్తి వైపు షెడ్ల వాళ్లు కూడా చాందీని పిలిపించుకుని ఈ పని నేర్చుకున్నారని, అట్లాంటి కడియాలే చేయించుకున్నారని చెప్పింది.

"అంత మీ పద్ధతే అక్కా. చాందీ ఏడికి పోయినా మీ పేరే చెప్తది."

తుల్సీబాయి కుర్చీలో కూర్చోలేదు. పాలకుర్తి బర్రెలు, ఆరేళ్ల పిల్ల పిండిన బర్రె, అంగడిలో తన పేరు మీద అమ్ముడుపోయినవి, వాటి కడుపున పుట్టినవి, వాటిలో ఆ షెడ్లకు చేరినవన్నీ ఇప్పుడు తన చప్పుడుకే వణుకుతుంటాయి. ఇన్నేళ్లు అందరి దగ్గరా చెప్పుకున్న మాటలన్నీ ఆమెకు నోట్లోనే చేదుగా తగిలాయి. పరాయివాళ్లు చేసి ఉంటే తిట్టేసి వచ్చేది.

"నేను చుక్కకు ఎన్నడు అబద్ధం చెప్పలే," అంది చాందీతో. "నువ్వు నా చేతితోనే దాన్ని పొడిచినవ్."

చాందీ కడియం తీసి చాపింది. తుల్సీబాయి తీసుకోలేదు. ఇంటికొచ్చి తన చేతిది కూడా తీసి పెట్టెలో వేసింది. ఇక అది చుక్క దగ్గర మోగితే, మోగిన ప్రతిసారీ సూది గుచ్చినట్టే.

సూదికి అలవాటు పడ్డ బర్రె అది లేకుండా చేపదు. ఈ ఈత ఇట్లాగే గడిస్తే చుక్క వట్టిపోతుంది, మళ్లీ ఈనినా మనిషిని నమ్మదు. అమ్మెయ్యమని తండాలో చాలామంది అన్నారు. తుల్సీబాయి వినలేదు. భూపాలపల్లి దగ్గర ఆమె సొంత బిడ్డ అఖిల ఉంటుంది. అక్కడ షెడ్లు లేవు, బకెట్ల చప్పుడు లేదు, అడవి గడ్డి ఉంది. చుక్కను అక్కడికి తీసుకెళ్లి మొదటినుంచి మొదలుపెట్టాలని నిశ్చయించుకుంది. కొన్నాళ్లు పొదుగు ముట్టదు. పాలన్నీ దుడ్డెకే. ఊరికే పక్కన కూర్చుని గింజలు పెడుతుంది. తరువాత బకెట్ కాకుండా మట్టి ముంత, కడియం కాకుండా నాలుక చప్పుడు. ఎన్నాళ్లు పడుతుందో, అసలు కుదురుతుందో లేదో ఆమెకు తెలియదు. ఒక బర్రె గురించి తెలియదని ఆమె నోట రావడం జైసింగ్ వినడం అదే మొదలు.

"బర్రె కోసం మొగన్ని ఇడిసిపెట్టి పోతున్నవ్," అన్నాడతను ట్రాలీలో గడ్డి సర్దుతూ.

"నీకు నేర్పుడు అయిపోయింది గద. కట్టెయ్యకున్నా నిలవడ్తవ్."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. రోడ్డు వైపు నుంచి చాందీ వస్తోంది. చేతికి కడియం లేదు. వచ్చి ట్రాలీ పక్కన నిలబడింది. చుక్క ఆమెను చూసి మూలకు జరిగింది. చాందీ ఆ సంగతి గమనించి రెండడుగులు వెనక్కి వేసింది.

"షెడ్డు పని ఇడిసిపెట్టిన యాడీ. నేను గూడ వస్త. దూరంగనే కూసుంట."

తుల్సీబాయి చుక్క మెడ మీద చెయ్యి వేసి ట్రాలీలో కూర్చుంది. చాందీ వైపు చూడలేదు, పొమ్మననూ లేదు, రమ్మననూ లేదు. బండి కదిలి మలుపు తిరిగేదాకా చాందీ అక్కడే ఉంది. ఆ తరువాత జైసింగ్‌ను అడిగింది, యాడీ మళ్లీ ఎప్పుడొస్తుందని.

కంటి డాక్టరు మళ్లీ చూపించుకోమన్నాడని, ఆ వేళకు తప్పక రావాలని అతను చెప్పాడు. "మార్చి ఇరవై ఆరు, గురువారం."